కలంపేరు వేరు, ఆకాశరామన్న వేరు



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు పక్కకు జరిపి, ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. మా బ్యాగు బుక్‌లోని పేజీ అది. మార్కులు తగ్గిన రోజు తమ ఇంట్లో టీవీ కూడా మెల్లగా మాట్లాడుతుందని, అమ్మ అన్నం పెట్టేటప్పుడు గరిటె చప్పుడు తప్ప ఇంకేం వినపడదని రాసిన పన్నెండు లైన్లు. కింద సంతకం 'చింతపిక్క'.

"మేడం, ఇది మా పిలగాడు రాసిందే గదా? చెప్పుండ్రి, నేను వాణ్ని ఏం అనను" అన్నారాయన.

నేను చెప్పలేదు. "సారీ సార్, చెప్పను" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, కార్డు మీద సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఫీజు కట్టే తండ్రికి ఆయన పిల్లవాడి గురించి ఒక టీచరు "చెప్పను" అనడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. ఆ వారంలోనే, పేరు, సెక్షన్, రోల్ నంబర్ రాయిస్తే గొడవ ఉండదు కదా అని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. అలా రాయించకూడదని నా అభిప్రాయం. కారణాలు చెప్పుకోవడానికే ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

బ్యాగు బుక్ అంటే ఏమిటో తెలియనివాళ్లు ఉంటారు. అది రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బ్రాంచీల మధ్య ప్రశ్నపత్రాలు తిరిగే బ్యాగులోనే అదీ తిరుగుతుంది కాబట్టి పిల్లలే ఆ పేరు పెట్టారు. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఎవరైనా రాయొచ్చు. శనివారం చివరి పీరియడ్‌లో కాగితం మీద రాసి ఖాళీ చాక్‌పీస్ డబ్బాలో వేస్తారు. దస్తూరీ పట్టి గుర్తుపట్టకుండా టీచర్లమే పుస్తకంలోకి ఎత్తి రాస్తాం. ప్రతి పిల్లవాడికీ ఏడాదికి ఒకటే కలంపేరు, మధ్యలో మార్చుకోవడానికి లేదు. ఏ కలంపేరు ఎవరిదో రాసిన చీటీలు అంటించిన కవర్లలో నా దగ్గర, బీరువాలో ఉంటాయి. లైకులు లేవు, ర్యాంకులు లేవు, బహుమతులు లేవు. నచ్చితే కింద జవాబు రాయొచ్చు, అదీ తన కలంపేరుతోనే. మొత్తం ఏర్పాటు ఇంతే. ఖర్చు ఒక నోట్‌బుక్, కొన్ని కవర్లు.

ఇప్పుడు అసలు విషయం. పేరు లేకుండా వచ్చే ఉత్తరాన్ని మనం ఆకాశరామన్న ఉత్తరం అంటాం. ఊళ్లో ఎవరి మీదో కోపంతో రాసి పడేసేది. దానికి జవాబు ఇవ్వాలన్నా అడ్రసు ఉండదు. రేపు ఇంకో ఉత్తరం వచ్చినా అది అతనే రాశాడో, వేరేవాళ్లు రాశారో తెలియదు. అందుకే దానికి మర్యాద లేదు. కలంపేరు అలా కాదు. కలంపేరు కూడా పేరే. నెల నెలా అదే పేరుతో రాయాలి. నిన్న తప్పు రాస్తే ఆ తప్పు ఈ రోజు కూడా ఆ పేరును పట్టుకునే ఉంటుంది, మంచిది రాస్తే ఆ మంచీ ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు ఈ రెండింటినీ ఒకే గాటన కడుతున్నారని నాకనిపిస్తుంది.

మన సాహిత్యం తీసుకుంటే సగం పేర్లు అసలు పేర్లు కావు. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. బీనాదేవి అంటే ఒక మనిషి కూడా కాదు, భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ అనే భార్యాభర్తలు కలిసి పెట్టుకున్న పేరు. ఆయన న్యాయశాఖలో ఉద్యోగి. కోర్టు బల్ల మీద కూర్చునే మనిషి కథలో ఏం రాయాలన్నా ఆ పేరు ఎంత అవసరమో ఊహించుకోవచ్చు. పురాణం సుబ్రహ్మణ్య శర్మగారు 'పురాణం సీత' పేరుతో ఆంధ్రజ్యోతి వీక్లీలో 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు.

వీళ్లందరిలో నేను పిల్లలకు ముందు చెప్పేది శారద గురించి. శారద అనగానే ఆడవాళ్లు అనుకుంటారు. కాదు. ఎస్. నటరాజన్ అనే తమిళ కుర్రవాడు. చిన్నతనంలో తెనాలి చేరి, హోటళ్లలో పని చేసుకుంటూ తెలుగు నేర్చుకుని, 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' లాంటి నవలలు రాశాడు. 1955లో, ముప్పై ఏళ్లు అటూ ఇటుగా ఉన్నప్పుడే పోయాడు. చేతిలో కాఫీ గ్లాసులు ఉన్న మనిషి ఆ భాషలో పుట్టకపోయినా ఆ భాషలో నవల రాశాడు. పాఠకుడి చేతిలోకి పుస్తకం వెళ్లేసరికి 'ఈ సర్వర్‌కి తెలుగేం వచ్చు' అనే ప్రశ్న వెళ్లలేదు, శారద అనే పేరు వెళ్లింది. ఇది చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీలు నిటారుగా కూర్చుంటాయి. ఎందుకో మీకు తెలుసు. స్టార్ బ్యాచ్ పిల్లవాడు ఏం రాసినా ముందే బాగుంటుందని, చివరి సెక్షన్ పిల్లవాడు ఏం రాసినా ఎవరో రాసిచ్చారని అనుకునే అలవాటు మనకుంది. నాకూ ఉంది. మార్కుల ప్రకారం సెక్షన్లు చేయడం మంచిదా కాదా అనే చర్చ ఇక్కడ పెట్టను. కానీ బ్యాగు బుక్‌లో సెక్షన్ ఉండదు. పోయిన ఏడాది మూడు బ్రాంచీల వాళ్లూ ఎక్కువ జవాబులు రాసింది ఒకే పేరుకు. ఆ కవర్లో ఎవరున్నారో నాకు తెలుసు కాబట్టి, స్టాఫ్ రూమ్‌లో ఆ పేజీలు చదివి మెచ్చుకున్న మాస్టార్లను చూసి నాలో నేనే నవ్వుకున్నాను.

మా తెలుగు సార్ నన్ను ఆటపట్టిస్తుంటారు. "పోతన గారి బమ్మెర మన జిల్లాలోనే ఉందమ్మా, ఆయన పేరు దాచుకోలేదుగా" అని. నిజమే. కానీ రాసేది తానే అయినా పలికించేది రాముడని చెప్పుకున్నదీ ఆయనే గదా సార్ అంటాను. బతుకమ్మ పాటల మాటేమిటి మరి? అత్తింటి కష్టాల మీద మన నాయనమ్మలు కట్టిన పాటలకు ఏ పేరూ లేదు. గుంపులో చప్పట్ల మధ్య కలిసిపోయి పాడారు కాబట్టే ఆ మాటలు పైకి వచ్చాయి. అదే మాట ఒక్కతే వాకిట్లో నిలబడి అనగలిగేదా?

తల్లిదండ్రులకు ఇంకొకాయన సంగతి చెప్పాలి. చిలీ దేశంలో ఒక రైల్వే కార్మికుడికి కొడుకు కవిత్వం రాయడం అసలు ఇష్టం లేదు. కొడుకు పదహారేళ్ల వయసులో, 1920లో, పాబ్లో నెరూడా అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరుకే 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. మహబూబాబాద్ బ్రాంచిలో రైల్వే వాళ్ల పిల్లలకు ఇది చెబితే ఒకమ్మాయి, "మరి వాళ్ల నాన్నకు తెలిసిందా మేడం?" అని అడిగింది. నోబెల్ గురించి ఎవరూ అడగలేదు.

ఇంగ్లిష్ టీచరుగా నా స్వార్థం కూడా ఉంది, దాచను. క్లాసులో 'మై మదర్' మీద వ్యాసం రాయమంటే నలభై మందీ ఒకే వ్యాసం రాస్తారు. గైడులో ఉన్నదే. తప్పులుండవు, అమ్మా ఉండదు. ఎర్ర పెన్ను భయంతో పిల్లలు తమకు వచ్చిన నాలుగు సేఫ్ వాక్యాలు దాటి బయటకు రారు. బ్యాగు బుక్‌లో వాళ్లే ఇంగ్లిష్‌లో, తెలుగులో, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒకరిద్దరు లంబాడీ మాటలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నారు. టెన్సులు కూలిపోతాయి, స్పెల్లింగులు ఇష్టమొచ్చినట్టు పోతాయి. కానీ ఒక అబ్బాయి మిర్చి ఏరడానికి వెళ్లొచ్చిన అమ్మ చేతులు రాత్రి మండుతుంటే మజ్జిగలో పెట్టుకుని కూర్చుంటుందని ఇంగ్లిష్‌లో రాశాడు. 'బర్నింగ్' అనే మాటకు స్పెల్లింగ్ మూడు రకాలుగా రాసి రెండు కొట్టేశాడు. ఆ మాట వాడికి అవసరమైంది కాబట్టి వెతుక్కున్నాడు. నలభై మార్కుల పేపర్లో అది ఎప్పటికీ జరగదు.

ఇంకో లాభం నేను ముందు ఊహించలేదు. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడి ఒక పేరు మహబూబాబాద్‌లోని ఇంకో పేరును, రాత్రంతా రైళ్లు పోతుంటే నిద్ర ఎట్లా పడుతుందని అడిగింది. అటునుంచి, మీ దగ్గర ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయితే కిటికీలు అదురుతాయంట గదా, మీకెట్లా పడుతుందని జవాబు. అక్కణ్నుంచి నాన్నల షిఫ్టుల దాకా, నైట్ డ్యూటీ చేసిన నాన్న పగలు పడుకుంటే ఇంట్లో ఎలా నడవాలో దాకా వెళ్లింది. వీళ్లు ఒకరినొకరు చూడలేదు. ఎవరిది ఏ కులమో, ఏ వాడో తెలియదు. ఇరవై ఏళ్ల కిందట, 2006 ప్రాంతంలో, తెలుగువాళ్లు కంప్యూటర్లలో తెలుగు రాయడం మొదలుపెట్టినప్పుడు ఇలాంటిదే జరిగింది. వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసిన ఒకాయన తెలుగు టైపు చేసుకోవడానికి 'లేఖిని', అందరి రాతలూ ఒకచోట కనపడడానికి 'కూడలి' తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో, చాలామంది కలంపేర్లతోనే, రాసుకున్నారు. పేరు కంటే ముందు ఒక చోటు కావాలి, అది సులువుగా ఉండాలి. మాది చాక్‌పీస్ డబ్బా కాబట్టి ఇంకా సులువు.

అంతా బాగానే ఉందని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. దసరా సెలవులకు ముందు ఒక కలంపేరు, తండా నుంచి వచ్చే ఒక పిల్లవాడి తెలుగును వెక్కిరిస్తూ రాసింది. ఎత్తి రాసేటప్పుడు మేం గమనించాల్సింది, గమనించలేదు. తప్పు మాదే. పేరు రాయకపోయినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోయింది. నేను కవరు తెరిచాను. ఆ పిల్లవాణ్ని ఒక్కణ్నే పిలిచి మాట్లాడాను. అసెంబ్లీలో నిలబెట్టలేదు. కానీ రెండు బ్రాంచీల పిల్లలు ఆ కలంపేరును వదల్లేదు, వరుసగా రెండు నెలలు దాన్ని నిలదీస్తూ జవాబులు రాశారు. అప్పుడొచ్చి అడిగాడు, "మేడం, పేరు మార్చుకోవచ్చా?" అని. కుదరదన్నాను. చివరికి అదే పేరుతో క్షమాపణ రాశాడు. చిన్నదే, నాలుగు లైన్లు. ఆకాశరామన్నకు ఈ ఇబ్బంది ఉండదు.

పిల్లలకు మొదటి రోజే ఇంకో మాట చెప్పాను. ఎవరైనా కొడుతున్నారని, తాకకూడని చోట తాకుతున్నారని, బతకాలని లేదని రాస్తే నేను కవరు తెరుస్తాను, సంబంధించినవాళ్లతో మాట్లాడతాను అని. చైల్డ్‌లైన్ 1098 నంబరు పుస్తకం అట్ట మీదే ఉంది. అలా ఒకసారి తెరవాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్లకు తెలుసు, ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు.

ఇంటి గుట్టు బయటపడుతోంది కదా అని ఒక అమ్మగారు అడిగారు. పేరు రాయిస్తేనే కదమ్మా గుట్టు బయటపడేది.

చింతపిక్క దగ్గరికి వస్తాను. ఆ నాన్నగారి తర్వాత అదే మీటింగ్‌లో ఇంకో అమ్మగారు, మర్నాడు ఫోన్‌లో మహబూబాబాద్ నుంచి మరొక నాన్నగారు అదే పేజీ గురించి అదే ప్రశ్న అడిగారు. "అది మా ఇంటి సంగతే, మా బిడ్డే రాసింది" అని ముగ్గురూ గట్టిగా నమ్మారు. ముగ్గురిలో కనీసం ఇద్దరు పొరబడ్డారని ఇప్పుడు ఇక్కడ చెప్పొచ్చు, దానివల్ల ఎవరి రహస్యమూ పోదు. అక్కడ పేరూ రోల్ నంబరూ ఉంటే మిగతా ఇద్దరూ 'పాపం, వాళ్లింట్లో అలా ఉంటుందంట' అనుకుని పేజీ తిప్పేసేవాళ్లు.

మహబూబాబాద్ నాన్నగారు ఫోన్ పెట్టేముందు ఇంకోటి అడిగారు. పెద్దవాళ్లు కూడా ఇందులో రాయొచ్చా అని. అందుకని ఈ నెల నుంచి వెనక ఇరవై పేజీలు తల్లిదండ్రులకు వదిలాం. నియమాలు అవే. కాగితం మడిచి పిల్లల డైరీలో పెట్టి పంపండి, మేం ఎత్తి రాస్తాం. కలంపేరు మాత్రం ముందే ఆలోచించుకుని పెట్టుకోండి, ఏడాది దాకా మార్చడం కుదరదు.

— ఇంగ్లిష్ టీచర్, జనగామ బ్రాంచి