స్కానే చెప్పాలి!

నిన్నటిదాకా చక్కగా చదివే పిల్లాడు. చేతిరాత వంకర్లు పోతుంది. పిలిస్తే పలకడు. 'శ్రద్ధ లేదు' అని టీచరు కోప్పడతారు. చాలామంది పిల్లల్లో అది నిజమే కావచ్చు. అరుదుగా, చాలా అరుదుగా, అడ్రినోల్యూకోడిస్ట్రఫీ కావచ్చు. కరెంటు తీగకు తొడుగులా మెదడు నరాలను చుట్టి ఉండే మైలిన్ పొర ఊడిపోయే జబ్బిది.

అమెరికా బాలుడు లొరెంజో ఓడోన్‌కి ఇది ఉందని 1984లో తేలింది. కన్నవాళ్లు పట్టుబట్టి తయారుచేయించిన నూనె మీద 1992లో సినిమా కూడా వచ్చింది. పోయిన పొర మాత్రం తిరిగి రాలేదు. 30వ పుట్టినరోజు మర్నాడు, 2008లో, లొరెంజో కన్నుమూశాడు.

ఎముక మూలుగ మార్పిడితో జబ్బును ఆపొచ్చు. కాకపోతే ముదరకముందే చేయాలి. చిక్కంతా అక్కడే. జన్యులోపం ఉన్న మగపిల్లలందరిలోనూ జబ్బు మెదడుకు పాకదు. ఎవరికి పాకుతుందో జన్యుపరీక్ష చెప్పలేదు. ఎమ్మారై చెబుతుంది. మెదడు ఎంత దెబ్బతిందో లెక్కించడానికి 1994లో డేనియల్ లోస్ బృందం 34 మార్కుల కొలత తయారుచేసింది. ఇందులో సున్నా వస్తేనే పండగ! కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసినప్పుడు మచ్చ అంచు మెరిసిందంటే, జబ్బు రాజుకుంటున్నట్టే.

అందుకే లోపం ఉందని తెలిసిన మగపిల్లలకు మూడేళ్ల వయసు నుంచి ఆరునెలలకోసారి స్కాన్ తీయాలంటారు నిపుణులు. ఆడుతూ పాడుతూ తిరిగే మూడేళ్లవాణ్ని ఆ గొట్టంలో కదలకుండా పడుకోబెట్టడం మాటలా? చాలాసార్లు మత్తు ఇవ్వక తప్పదు.