ఒకే తేదీ, వేర్వేరు తిథులు

మా కుందుర్పికి చెందిన ఒక యువకుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి ఆబ్దిక తిథిని నిర్ణయించుకొనడానికి ఆలయానికి వచ్చి, పంచాంగం తెరవకముందే తన నిర్ణయం తానే చెప్పాడు. “స్వామీ, మా నాయన పోయింది డిసెంబరు 15న. సర్దార్ పటేల్ పోయిందీ ఆ తేదీనే, పొట్టి శ్రీరాములు పోయిందీ ఆ తేదీనే. అంత గొప్ప దినాన్ని విడిచి తిథి ఎందుకు పట్టుకోవల్ల? ప్రతి ఏడూ డిసెంబరు 15నే పెట్టుకుందాం.”

ఆబ్దికం చేయించేవాణ్ణి నేను కాను. అర్చకత్వంలో ఉన్నవాడు అపరకర్మలకు దూరంగా ఉండడం మా ఇంటి ఆచారం. తిథి చూచి చెప్పడం వరకే నా పని. మంత్రం చెప్పే పురోహితులు వేరే ఉన్నారు. అయినా ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఒకే తేదీన జరిగిన రెండు ఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి, “ఇది దైవలీల” అని రాసిన సందేశాలు ఈ మధ్య నా ఫోనుకు కూడా విరివిగా వస్తున్నాయి. పంపేవారిలో వేదం చదువుకున్నవారూ ఉన్నారు. అందుకే ఈ విషయాన్ని కొంత విచారించవలసి వచ్చింది.

ముందుగా గణితం. 1950 డిసెంబరు 15న ఉదయం ముంబయిలో సర్దార్ పటేల్ దివంగతులైనారు. అది వికృతి నామ సంవత్సర మార్గశిర శుద్ధ సప్తమి. 1952 డిసెంబరు 15 రాత్రి చెన్నపట్టణంలో పొట్టి శ్రీరాములు గారు దేహం విడిచారు. అది నందన నామ సంవత్సర మార్గశిర బహుళ చతుర్దశి, అనగా మాసశివరాత్రి. ఆ యువకుని తండ్రిది మార్గశిర బహుళ సప్తమి. తేదీ ఒక్కటే, తిథులు మూడు. ఒకరు పోయినప్పుడు చంద్రుడు వృద్ధి చెందుతున్నాడు, మరొకరు పోయిన రాత్రి దాదాపు అదృశ్యుడైనాడు. ఆకాశం సాక్షిగా చూస్తే ఆ మహనీయులు ఇద్దరూ “ఒకే రోజున” పోలేదు.

అయితే తిథి కలిస్తే మాత్రం దైవలీల అవుతుందా? పంచాంగం చేతిలో ఉన్నవానికి ఈ ప్రలోభం తేదీ ప్రలోభం కంటె బలవత్తరం. నా అనుభవమే చెబుతాను. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న అవతరించింది. నెహ్రూ గారు వచ్చి ప్రారంభించారు, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయినారు. ఆ దినం భాద్రపద బహుళంలో, మహాలయ పక్షంలో పడింది. శుభకార్యాలు ఆరంభించని పక్షం, పితృదేవతల పక్షం. ఒక మనిషి మరణం నుండి పుట్టిన రాష్ట్రం పితృపక్షంలో పుట్టిందని మొదటిసారి లెక్క తేల్చినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచిన మాట నిజం. తరువాత 1956 నవంబరు 1 చూచాను. ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఆ దినం నరక చతుర్దశి. 2014లో రాష్ట్రం విడిపోయింది కదా, ముహూర్తబలం లేకనే అని చెప్పడానికి ఇంతకంటె ఏమి కావాలి?

కాని అదే నవంబరు 1న, అదే తిథిలో విశాల మైసూరు, కేరళ, నూతన మధ్యప్రదేశ్ కూడా అవతరించాయి. మధ్యప్రదేశ్ 2000లో విడిపోయింది, మనది 2014లో. మైసూరు పేరు మార్చుకొని కర్ణాటకమై నిలిచి ఉంది, కేరళ నిలిచి ఉంది. కారణం ఉన్నా కార్యం లేని చోటు కనబడితే తార్కికులు దానిని వ్యభిచారమంటారు. ఆ కారణం కారణమే కాదంటారు. నా గగుర్పాటు అక్కడితో తీరింది.

కాలం సమస్త కార్యాలకూ సాధారణ కారణమని తర్కశాస్త్ర ప్రవేశంలోనే బాలురకు బోధిస్తారు. కుండకూ కాలం కారణమే, గుడ్డకూ కాలం కారణమే. అన్నింటికీ సమానంగా కారణమైనది ఏ ఒక్కదానికీ ప్రత్యేక హేతువు కాజాలదు. కుండ ఎందుకు పుట్టిందని అడిగితే కుమ్మరిని చూపాలి కాని మంగళవారాన్ని చూపరాదు. పైగా మనం చూపే తేదీ కాలం సైతం కాదు, కాలానికి మనం తగిలించుకున్న ఉపాధి. సంవత్సరానికి ఉన్నవి 365 దినాలు. చరిత్రలో ఘటనలు అసంఖ్యాకం. ఇరవై ముగ్గురు మనుషులు ఒకచోట కూడితే వారిలో ఏ ఇద్దరి జన్మదినమైనా ఒకటే కావడానికి సగానికి మించిన అవకాశం ఉందని గణితజ్ఞులు చెబుతారు. తేదీలు కలవకపోతే ఆశ్చర్యపడాలి. మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరు పెట్టారు: కాకి వాలడం, తాటిపండు రాలడం. ఘుణాక్షర న్యాయమని మరొకటి కూడా ఉంది. పురుగు కొయ్యను తొలుస్తూ పోతే ఎక్కడో ఒక అక్షరం ఏర్పడుతుంది. చదివేవాడు మనిషి, పురుగుకు అక్షరాభ్యాసం జరగలేదు.

తేదీ ఒక్కటైనంత మాత్రాన దాని అర్థం సైతం ఒక్కటి కాదన్నది మా సరిహద్దు గ్రామాలవారికి ఇంకా బాగా తెలుసు. 1882 వరకు ఈ అనంతపురం సీమ బళ్ళారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1న రాయదుర్గం తాలూకా మా జిల్లాలో కలిసింది, ఆలూరు, ఆదోని ఆంధ్రలోకే వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. ఒక ఇంట తోరణం కట్టిన దినమే వియ్యంకుల ఇంట విచారదినం. మా ఆలయానికి పావగడ వైపు నుండి వచ్చే భక్తులలో తెలుగు మాట్లాడి కన్నడం రాసేవారు నేటికీ ఉన్నారు. ఆ తేదీన దైవం ఎవరి పక్షాన లీల చూపినట్లు?

ఇంతటితో తేదీలు నిష్ప్రయోజనమని నేననడం లేదు. స్మృతి సంస్కారం నుండి పుడుతుంది. నిద్రించే సంస్కారాన్ని మేల్కొలిపేదానిని ఉద్బోధకమంటారు. తేదీ ఘటనకు హేతువు కాదు, జ్ఞాపకానికి ఉద్బోధకం. ఆ పని అది చక్కగా చేస్తుంది, మనం చేయనిస్తే. డిసెంబరు 15న ఇద్దరి చిత్రపటాలూ కలిపి “ఇద్దరు మహాత్ములు” అని పంపేవారు అసలు గుర్తు రావలసినదానిని గుర్తుకు రానివ్వడం లేదు. సంస్థానాలను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చిన పటేల్ గారు, నెహ్రూ, పట్టాభి సీతారామయ్య గారలతో కూడి భాషారాష్ట్రాల విషయమై ఏర్పడిన జె.వి.పి. కమిటీలో సభ్యులు. భాషారాష్ట్రాలకు ఇది సమయం కాదని ఆ కమిటీ 1949లో చెప్పింది. ఆంధ్రకు మాత్రం, చెన్నపట్టణంపై హక్కు వదులుకుంటే, ఆలోచించవచ్చునన్నది. చెన్నపట్టణంతో కూడిన ఆంధ్రరాష్ట్రం కావాలని శ్రీరాములు గారు ఆ పట్టణంలోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట, 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58వ దినాన పోయారు. డిసెంబరు 19న ప్రధాని లోక్‌సభలో ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించారు, చెన్నపట్టణం లేకుండానే. ఒకరు దేశం పగలరాదని భయపడ్డారు, మరొకరు భాష అడుగంటరాదని ప్రాణం పెట్టారు. ఆ భయం అకారణం కాదు, ఆ త్యాగం వ్యర్థం కాదు. ఇద్దరినీ ఒకే దండలో గ్రుచ్చితే ఈ వాదమే మరుగున పడిపోతుంది.

ఇక శ్రాద్ధం మాట. అది స్మృతి మాత్రం కాదు, ఋణం. ఋణానికి గడువు అప్పిచ్చినవాని లెక్కలో ఉంటుంది. మరణకాలంలో ఉన్న తిథియే పితృదేవతల లెక్క; మన సెలవుదినాలు వారికి తెలియవు. స్మరణకు తేదీ, శ్రాద్ధానికి తిథి. ఈ రెండింటికీ విరోధం లేదు. ఒకదానిని రెండవదాని స్థానంలో కూర్చోబెట్టడమే దోషం.

ఆ యువకునితో ఇంతవరకు చెప్పి ఊరకున్నాను. అతడు ఒక ప్రశ్న వేశాడు. “మరి శ్రీరాములు గారికి ఎవరు పెడతారు స్వామీ?”

నాకు వెంటనే సమాధానం దొరకలేదు. పటేల్ గారికి కుమారుడు, కుమార్తె ఉన్నారు. శ్రీరాములు గారు యౌవనంలోనే భార్యను, పసిబిడ్డను పోగొట్టుకొని గాంధీ మార్గంలోకి వెళ్లినవారు. ఊరూరా విగ్రహం ఉంది, డిసెంబరు 15న పూలదండ ఉంది. అది స్మరణ. ఋణం సంగతి ఏమిటి? రాత్రి పడుకున్నాక భీష్ముడు జ్ఞాపకం వచ్చాడు. సంతానం లేని భీష్మునికి మాఘ శుద్ధ అష్టమినాడు లోకమంతా తర్పణం విడుస్తుంది. తండ్రి బ్రతికి ఉన్నవానికి సైతం ఆ తర్పణానికి అధికారమిచ్చారు. తనకొరకు ఏమీ ఉంచుకోనివానికి జాతి మొత్తం పుత్రస్థానంలో నిలువవచ్చునని శాస్త్రం ఏనాడో అంగీకరించిన దృష్టాంతమది. మార్గశిర బహుళ చతుర్దశినాడు తెలుగువారు శ్రీరాములు గారి పేర దోసెడు నీరు విడిస్తే తప్పు పట్టే పండితులుంటే వారి వాదం వినడానికి నేను సిద్ధం. పేరు చెప్పి విడవడానికి సందేహించేవారు మహాలయ అమావాస్యనాడు విడవవచ్చు.

2009లో మూడు పందొమ్మిదేళ్ల చక్రాలు తిరిగి డిసెంబరు 15 ఉదయం మళ్లీ మార్గశిర బహుళ చతుర్దశియే వచ్చింది. ఆ వారమే రాష్ట్రం విభజన వార్తతో అట్టుడికిపోతున్నది. పైన ఇంత రాసినవాణ్ణి గనుక దీనికి అర్థం చెప్పను.

గత మార్గశిరంలో మాసశివరాత్రి అభిషేకానికి సంకల్పం చెప్పేటప్పుడు శ్రీరాములు గారి పేరు కూడా కలిపాను. చెరువులో నీరు లేదు. బోరు నీళ్లు బిందెతో తెచ్చుకున్నాము. ఆ యువకుడు దానికి వారం ముందే, బహుళ సప్తమికి, సెలవు పెట్టి వచ్చి తండ్రి ఆబ్దికం పెట్టుకున్నాడు. పోయేముందు వచ్చే ఏటి తిథి ఏ తేదీన పడుతుందో ఇప్పుడే చెప్పమన్నాడు, ఫోనులో పెట్టుకుంటాడట. దానితోపాటు ఆ చతుర్దశి ఎప్పుడో కూడా అడిగి రాసుకున్నాడు.