గీత గీసిన చెయ్యి

2023 జనవరిలో కామారెడ్డి రైతులు మాస్టర్ ప్లాను ముసాయిదాపై తిరగబడ్డారు. వారి పంటభూముల్ని అందులో పారిశ్రామిక ప్రాంతంగా చూపారు. ముసాయిదాయే గదా, భూమి గుంజుకోవడం లేదు గదా అని అధికార్లు సర్దిచెప్పారు.

పట్టా రైతు పేరనే వుంటుంది, నిజమే. కాని ఆ చెక్కలో యింటికి అనుమతి దొరకదు. ఆడపిల్ల పెళ్లికి అమ్మబోతే, యెన్నడో రాబోయే ఫ్యాక్టరీని తలచుకొని చవగ్గా బేరమాడే షావుకారు తప్ప కొనేవాడుండడు. ఆ పక్కనే నివాసప్రాంతంలో పడ్డ భూమి ధరకు మాత్రం రెక్కలొస్తాయి! పైసా ఖర్చు లేకుండా, వొక్క గీతతో, వొకరి ఆస్తి తరిగి మరొకరిది పెరిగింది. యిది వర్గాలకు అతీతమైన శాస్త్రమని పాఠం చెప్పే ఆచార్యులు మనలోనూ వున్నారు. వారు వొకసారి పటం ముందు నిలబడి, యే రంగు యెవరి పొలం మీద పడిందో చూడాలి.

వొక రైతు ప్రాణం తీసుకున్నాడు. రైతులు కలెక్టరేటును ముట్టడించారు. జనవరి 20న మునిసిపల్ కౌన్సిలు ముసాయిదా రద్దుకు తీర్మానించింది. జగిత్యాల కౌన్సిలూ అదే బాట పట్టింది.