తొలి ఏడాది సిస్టరమ్మకు తోడెవరు?

పోయిన వేసవిలో ఒకనాడు తెల్లవారుజామున మా పక్కింటి అమ్మాయి బ్యాగుతో బస్సు దిగింది. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగు చదివి, విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరి అప్పటికి రెండు నెలలే అయింది. సెలవు పెట్టి వచ్చిందేమో అనుకున్నాం. తీరా చూస్తే ఉద్యోగమే మానేసి వచ్చేసింది!

మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చి మా వంటింటి గుమ్మంలో కూలబడింది. "గుంట బెదిరిపోనాది వదినా. తిండి లేదు, నిద్ర లేదు. అప్పు చేసి నాలుగేళ్లు చదివించినందుకు ఇదేటి? ఏదో ఒక సమ్మందం చూసేస్తాం" అంది. సాయంత్రం అమ్మాయే వచ్చింది. "నేను ఈ పనికి పనికిరాను పిన్నీ" అని ఒక్కమాట అని ఊరుకుంది.

క్లాసులో ఎప్పుడూ ముందు వరసలో కూర్చున్న పిల్ల, ఫస్టుక్లాసులో పాసైన పిల్ల రెండు నెలల్లో పనికిరానిదెలా అయింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇది ఒక్క ఇంటి గొడవ కూడా కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైపీసీ చదివిన ఆడపిల్లలున్న ఎన్నో ఇళ్లలో డాక్టరు సీటు రాదని తేలగానే వినబడే మాట నర్సింగే కదా!

ఆ రాత్రి ఏం జరిగింది?

టీ తాగుతూ మెల్లగా చెప్పుకొచ్చింది. చేరిన తొమ్మిదో రోజుకే రాత్రి డ్యూటీ వేశారు. వార్డులో ఇరవై రెండు మంది రోగులు. చూసుకునేది తను, ఒక ఆయా. సీనియరు సిస్టరు పై అంతస్తులో ఇంకో వార్డులో ఉంది. పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్లు. మా వైపు ఒక్క వీధిలోనే నలుగురు అప్పలనర్సమ్మలుంటారు, ఇది వింతేమీ కాదు. ఒకామెకు ఇన్సులిన్ ఇవ్వాలి. సిరంజి తీసుకెళ్లి రెండో ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు సుగరు లేదు కదమ్మా" అందిట ఆవిడ.

ఆ ఒక్కమాట కాపాడింది. రోగికి ఏమీ కాలేదు. పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు అమ్మాయి ఆ సంగతి దాచకుండా చెప్పింది. ఇన్‌ఛార్జి అందరి ముందూ "నీకు చదువు చెప్పిందెవరు?" అని నిలదీసింది. ఇక అక్కణ్నుంచి సిరంజి పట్టుకుంటే చేతులు వణకడం, డ్యూటీ దిగి పడుకున్నా ఎవరికి మందు మరిచిపోయానో అని ఉలిక్కిపడి లేవడం...

పేరుతో పాటు కేస్ షీటు నంబరు కూడా సరిచూసుకోకపోవడం అమ్మాయి తప్పే. తనూ ఒప్పుకుంది. మరి తొమ్మిదో రోజున అంతమందిని ఒంటరిగా అప్పగించిన వాళ్లనెవరు అడగాలి? కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1990ల మొదట్లో ఒక లెక్క చెప్పింది. సాధారణ వార్డులో ఒక్కో షిఫ్టుకు ఆరుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి, ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలి అని. ఆ లెక్కన మన అమ్మాయి ఆ రాత్రి చేసింది దాదాపు నలుగురి పని!

కాలేజీ గుమ్మం దాటగానే...

స్టూడెంటుగా ఉన్నప్పుడు మొదటి ఇంజక్షన్ బొమ్మ మీద చేయిస్తారు. వార్డుకు వెళ్తే ఒకరిద్దరు రోగులను అప్పగించి, వాళ్ల గురించి పేజీలకు పేజీలు రాయిస్తారు. వెనకాల ట్యూటరు ఉంటుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త సిలబస్‌లో బీఎస్సీ చివరి సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్పే. ఇది మంచి మార్పు. అయినా ఇంటర్నీ వెనక ఇంకొకరు బాధ్యులుగా ఉంటారు. పరీక్ష పాసై రిజిస్ట్రేషన్ చేయించుకున్న మర్నాటి నుంచి సంతకం తనదే, జవాబూ తనదే. అత్తవారింట్లో అడుగు పెట్టిన రోజే ఇరవై మంది బంధువులకు ఒక్కతే వండమంటే కొత్త కోడలికి ఎలా ఉంటుంది? ఇక్కడ ఉప్పు ఎక్కువైతే పోనీలే అనుకోవడానికి కూడా లేదు.

ఈ దిగులు మన పిల్లలకే వచ్చిన రోగం కాదు. అమెరికాలో మార్లిన్ క్రేమర్ అనే ఆవిడ 1974లోనే దీని మీద ఒక పుస్తకం రాసి "రియాలిటీ షాక్" అని పేరు పెట్టింది. కొత్త నర్సుకు మొదట అంతా పండగలా ఉంటుందట. తరవాత చదివిన దానికీ చూస్తున్న దానికీ పొంతన లేక దెబ్బ తింటుంది. ఆ పైన మెల్లగా తేరుకుంటుంది, చివరికి తన దారి తను చూసుకుంటుంది. 1984లో ప్యాట్రిషియా బెన్నర్ ఇంకో మాట చెప్పింది. ఒకేలాంటి పనిలో రెండు మూడేళ్లు గడిస్తేగాని నర్సు తన పనిని తనే సమర్థంగా నడుపుకునే దశకు రాదని. రెండు మూడేళ్లు పట్టేదానికి మన పిల్ల రెండు నెలలకే తనకు తాను తీర్పు చెప్పేసుకుంది!

అందుకే బ్రిటన్‌లో కొత్త నర్సులకు సీనియరును తోడుగా పెట్టే పద్ధతి ఉంది. అమెరికాలో చాలా ఆస్పత్రులు మొదటి ఏడాదంతా ఉద్యోగంతో పాటు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తాయి. మన దగ్గర కూడా శ్రద్ధ ఉన్న ఆస్పత్రుల్లో ఇలా చేసేవాళ్లున్నారు. కాని అది ఆ పిల్ల అదృష్టం మీద ఆధారపడి ఉండటమే బాధ.

పెద్ద సిస్టరుగారు చెప్పినవి

మా ఊళ్లో ఉద్యోగ విరమణ చేసిన హెడ్ నర్సుగారొకరున్నారు. అమ్మాయిని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్లాను. మాది ఒడిశా సరిహద్దు, పక్కనే పర్లాకిమిడి. ఆస్పత్రికి వచ్చేవాళ్లలో తెలుగు వాళ్లు, ఒడియా వాళ్లు, కొండల మీది సవరలు అందరూ ఉంటారు. "నాకు మొదటి ఏడాది సవర మాటలు నేర్పింది ఆయా. కేన్యులా పెట్టడం చేతికి అలవాటయ్యేదాకా మా ఇన్‌ఛార్జి సిస్టరు నా వెనకే నిలబడేది. తిట్టేది తల్లీ, కాని గదిలోకి పిలిచి తిట్టేది. రోగి ముందు ఎన్నడూ అనలేదు" అన్నారావిడ.

తప్పు జరగబోయిన సంగతి విని అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు దాచలేదు చూడు, అక్కడే నువ్వు నర్సువి. దాచేవాళ్లంటేనే నాకు భయం" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న పిల్ల అప్పుడు ఏడ్చింది. ఆ తరవాత ఆవిడ చెప్పినవి కొత్తగా చేరే పిల్లలందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మందు ఇచ్చే ముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ అనే అయిదూ చూసుకోవాలి. "మీరు ఫలానా కదా?" అని అడిగితే మగతలో ఉన్నవాళ్లు దేనికైనా ఊఁ అంటారు. "మీ పేరేమిటి?" అని అడిగి వాళ్ల చేత చెప్పించుకోవాలి, నంబరుతో పోల్చుకోవాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివి ఇంకో నర్సుకు చూపించకుండా ఇవ్వకూడదు. పక్కన ఎవరూ లేకపోతే పై అంతస్తుకు ఫోను చేసి పిలవాలి. విసుక్కుంటే విసుక్కోనీ!

అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేసే ముందు నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోవాలి. ఇప్పుడేం జరుగుతోంది, ఈ రోగి ఎందుకు చేరాడు, నాడి, బీపీ ఎలా ఉన్నాయి, నేనేం అనుకుంటున్నాను, మీరేం చెయ్యాలి... ఇలా చెబితే కంగారు తగ్గుతుంది, డాక్టరుకూ సంగతి వెంటనే అర్థమవుతుంది. డ్యూటీ దిగేటప్పుడు ఆ రోజు కొత్తగా నేర్చుకున్నది ఒక్కటి చిన్న పుస్తకంలో రాసుకోవాలి. మూడు నెలల తరవాత తిరగేస్తే తనెంత దూరం వచ్చిందో తనకే తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరే ముందే మూడు సంగతులు అడగమని కూడా చెప్పారు. మొదటి నెలలు నా పక్కన ఎవరుంటారు? ఒంటరిగా రాత్రి డ్యూటీ ఎన్నాళ్లకు వేస్తారు? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరుంటాయి? జీతం ఎంతని అడిగేవాళ్లే ఎక్కువట, ఇవి అడిగేవాళ్లు తక్కువట.

కాగితం మీద ఉన్నవి

జీతం సంగతీ చిన్నదేమీ కాదు. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశంతో కేంద్రం నిపుణుల కమిటీని వేసింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే అక్కడి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. చట్టాలు రావడం మంచిదే. కాని రాత్రి రెండు గంటలకు ఆ పిల్ల పక్కన ఎవరు నిలబడతారన్నది తేల్చవలసింది ఆస్పత్రి యాజమాన్యాలే. రోగులుగా, బిల్లు కట్టేవాళ్లుగా అడగవలసింది మనమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 58 లక్షల మంది నర్సులు తక్కువపడ్డారు. అంత దూరం ఎందుకు? మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రిని ప్రారంభించారు. డయాలసిస్ మిషన్ కొనగలం. దాని పక్కన నాలుగు గంటలు కూర్చుని బీపీ పడిపోకుండా కనిపెట్టి చూసే చెయ్యిని ఎక్కడ కొంటాం? చదివిన పిల్లలు బెదిరి ఇంటిదారి పడితే ఆ నష్టం వాళ్ల ఒక్కరిదే కాదు.

మన వంతు ఏమిటి?

2020 మార్చి 22 సాయంత్రం గుమ్మాల్లో నిలబడి ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ల కోసం చప్పట్లు కొట్టాం. అదే మనం రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్ల పగలు పడుకుంటే "పది దాటినా నిద్రేమిటి?" అంటాం. సంబంధాలు చూసేటప్పుడు "నైట్ డ్యూటీలుంటాయా?" అని ఆరా తీస్తాం. సెలైన్ బాటిల్ మార్చడం పది నిమిషాలు ఆలస్యమైతే అటెండెంట్లుగా మన నోటికి అదుపు ఉండదు. కొత్త పిల్ల "ఒక్క నిమిషం, సరిచూసుకుని ఇస్తాను" అంటే దాన్ని చేతకానితనంగా తీసుకుంటాం. నిజానికి మన ప్రాణానికి కాపలా ఆ ఒక్క నిమిషమే!

మా అమ్మాయి పాత ఆస్పత్రికి ఫోను చేసి, నెల రోజులు ఒంటరి రాత్రి డ్యూటీ వద్దని అడిగింది. కుదరదన్నారు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక చిన్న ఆస్పత్రిలో చేస్తోంది. జీతం అక్కడికంటే మూడు వేలు తక్కువ, కాని రాత్రుళ్లు పక్కన ఒక సీనియరు సిస్టరుంటుంది. ఆ మూడు వేల దగ్గర వాళ్లింట్లో పెద్ద రభసే అయింది. అప్పు తీరాలి కదా మరి! చివరికి వాళ్లమ్మే "ఏడాది సూద్దాం" అంది. సంబంధాల మాట కూడా ఆ ఏడాది దాకా ఆపింది.

మొన్న ఫోన్లో "చేతులు వణకడం తగ్గిందా?" అని అడిగాను. "పూర్తిగా తగ్గలేదు పిన్నీ. కాని ఇప్పుడు వణికితే ఆగి, మళ్లీ పేరు అడుగుతున్నాను" అంది.

ఆ పిల్లకు మనం ఇవ్వాల్సింది ఒక ఏడాది. అదీ ఎక్కువేనంటారా?