బీమా అడుగుతున్న డిగ్రీ

ఆన్‌లైన్‌లో టర్మ్ పాలసీ ధర చూద్దామని కూర్చుంటే మొదట అడిగేవి పుట్టిన తేదీ, ఆడా మగా, పొగాకు అలవాటుందా అన్నవి. తర్వాత ఏడాదికి ఆదాయమెంత, ఉద్యోగమా సొంత పనా, ఏం చదివారు అని వరుస సాగుతుంది. చివరి ప్రశ్నకు ‘పదో తరగతి, అంతకన్నా తక్కువ’ అని నొక్కితే కొన్ని కంపెనీలు జాబితాలోంచి తప్పుకుంటాయి, కొన్ని ధర పెంచుతాయి. వయసును బట్టి, అలవాట్లను బట్టి ప్రీమియం మారితే అభ్యంతరం పెట్టనక్కర్లేదు. చదువును బట్టి, జీతం స్లిప్పును బట్టి మారడమే తగదు. ఇంటి పెద్ద పోతే మర్నాటి నుంచే గడవని కుటుంబాలు ఎక్కువగా ఉన్నది ఆ స్లిప్పు లేనివారిలోనే.

వయసు సంగతి తేలిక. అయిదేళ్లు ఆలస్యం చేసినవారు పాలసీ ముగిసేదాకా ఆ ఆలస్యానికి డబ్బు కడుతూనే ఉంటారు. ఆడవాళ్ల సగటు ఆయుష్షు ఎక్కువ కాబట్టి వారికి ప్రీమియం తక్కువ. పొగాకు అలవాటును కేవలం మాట మీద నమ్మరు, నికోటిన్ ఆనవాళ్ల కోసం మూత్ర పరీక్ష కూడా చేయించవచ్చు. బీపీ, షుగరు, బరువు, తల్లిదండ్రుల జబ్బులు కూడా లెక్కకొస్తాయి. కఠినంగా అనిపించినా వీటన్నిటికీ ఆ మనిషి ఒంటితో నేరుగా సంబంధం ఉంది. డిగ్రీకి అలాంటి సంబంధమేదీ లేదు.

చదువు, ఆదాయం తక్కువైన చోట మరణాల రేటు ఎక్కువ, లెక్కలు అబద్ధమాడవు అని బీమా గణకులు అంటారు. నిజమే. కానీ అది గుంపు సగటు. రక్తపరీక్ష, ఈసీజీ అన్నీ సవ్యంగా వచ్చిన దర్జీ మీద, కళ్లెదుట ఉన్న రిపోర్టు పక్కనపెట్టి ఆ సగటును రుద్దడం ఏం న్యాయం? ఆదాయాన్ని మించి కోట్ల పాలసీ అడిగితే మోసానికి తావుంటుందన్న వాదనలో బలం ఉంది. అయితే దానికి మందు బీమా మొత్తానికి పరిమితి పెట్టడం. అడిగిన కొద్ది మొత్తానికి కూడా రేటు పెంచడానికి అది సాకు కాదు.

ఇది కొత్త తగాదా కాదు. ప్రభుత్వ, పేరున్న సంస్థల ఉద్యోగులకే పరిమితం చేసిన ఒక ఎల్‌ఐసీ టర్మ్ పాలసీ షరతు చెల్లదని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి ఉన్నారు. పావు శతాబ్దం గడిచాక, 2020లో, చదువు, వృత్తి, నివాసం అడ్డుకాని సరళ్ జీవన్ బీమాను ప్రతి కంపెనీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా ఇచ్చే ఈ పాలసీ ధర మామూలు టర్మ్ పాలసీ కన్నా ఎక్కువ. తలుపైతే తీశారు గానీ టికెట్టు పెట్టారన్నమాట.

అందరికీ ఒకే ధర పెడితే జబ్బుపడ్డవాళ్లే ఎగబడతారన్న భయం ఉత్తదేమీ కాదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో వయసుతో పనిలేకుండా 2 లక్షలకు ఏడాదికి 330 రూపాయలే తీసుకున్నారు. క్లెయిముల భారం పెరిగి 2022లో దాన్ని 436 చేయక తప్పలేదు. అయినా రోజుకు రూపాయి పావలా దాటని ఆ పథకం నిలబడింది, ఎందుకంటే బ్యాంకు ఖాతాల ద్వారా కోట్లమంది చేరారు. తెలంగాణ రైతుబీమా కూడా గుంపు బలం మీదే నడుస్తోంది. ప్రీమియం ప్రభుత్వానిది, పరిహారం 5 లక్షలు. పట్టా పుస్తకం లేని కౌలురైతుకు మాత్రం అదీ అందదు.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. పాలసీ కొనగలిగినవారికి అది ఊరట. కొననివ్వనివారికి పన్ను ఉన్నా లేకున్నా ఒకటే. హైదరాబాద్‌లోనే కొలువున్న ఐఆర్‌డీఏఐ వెంటనే చేయదగ్గవి రెండున్నాయి. ప్రీమియం పెంచినా, తిరస్కరించినా కారణం దరఖాస్తుదారుకు అతని భాషలో రాసివ్వాలి. వైద్య పరీక్షలో నెగ్గినవారికి చదువు పేరుతో వేసే అదనాన్ని ఆపాలి, లేదా అదే వయసు, అదే ఆరోగ్యం ఉన్న డిగ్రీవాలాతో పోల్చి ఆ అదనానికి తమ క్లెయిముల్లో ఉన్న ఆధారాన్ని కంపెనీలు ఏటా బయటపెట్టాలి.