విద్యార్థి సంఘ ఎన్నికలపై ఉస్మానియా ఉపకులపతికి బహిరంగ లేఖ



విద్యార్థి సంఘ అధ్యక్ష పదవికి పోటీ చేసేవారికి 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ నియమాలు వర్తిస్తాయి. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలి. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు నిషిద్ధం. చేతిరాతవైతే, కేటాయించిన చోట్ల, ఫరవాలేదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. కానీ ఉస్మానియాలో 1980ల చివర్లోనే ఆగాయి. ఉస్మానియాకే చెందిన సికింద్రాబాద్ పీజీ కళాశాల విద్యార్థులకూ ఓటు లేదు. పెద్ద వర్గాలకు పార్టీల అనుబంధ సంఘాలున్నాయి. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిము యూదుల వంటి చిన్న సమాజపు విద్యార్థికి సొంత సంఘం పెట్టేంతమంది తోడు దొరకరు. నాయకత్వానికి అందరూ ఓటేసే సంఘమే అతనికి దారి. ప్రభుత్వంతో మాట్లాడి ఎన్నికల తేదీ ప్రకటించడం అవసరం.