బాప్తిస్మం నీళ్లలో తెగ కొట్టుకుపోదు

 

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి బాటసింగారం రూముల దాకా మన పిల్లల ఫోన్లలో ఒకటే మాట తిరుగుతోంది. "బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్ పోతుంది, కోర్టు చెప్పేసింది" అని. చర్చికి పోయే ఇళ్ల పిల్లలు నిద్రపోకుండా మెసేజ్‌లు పెడుతున్నారు. ఇంకోపక్క ఆదివారం మీటింగుల్లో కొందరు ప్రసంగీకులు "మారుమనస్సు పొందినోడు తీజ్‌లో ఆడొద్దు, మేడారం పోవద్దు, డోలు ముట్టొద్దు" అంటున్నారు. ఈ రెండు మాటలు చెప్పేటోళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఇద్దరూ చెప్పేది ఒక్కటే: నీళ్లలో మునిగితే నువ్వు పుట్టిన తెగ కడుక్కుపోతుందని. ఇది చట్టం ప్రకారం తప్పు. బైబిల్ ప్రకారం ఇంకా పెద్ద తప్పు.

మాలో చర్చికి పోయేటోళ్లున్నారు, సీత్లా భవానికి మొక్కేటోళ్లున్నారు, ఏదీ పట్టనోళ్లూ ఉన్నారు. కూర్చుని చదివి, కొట్లాడుకుని రాస్తున్నాం.

ముందు బాప్తిస్మమిచ్చే యోహాను సంగతి. ఆయన యాజకుడి కొడుకు. తండ్రి జెకర్యా యెరూషలేము దేవాలయంలో ధూపం వేసే వంతున్నవాడు. కొడుకు ఆ కొలువు వద్దనుకుని అరణ్యం పట్టాడు. మన నల్లమల లాంటి అడవి కాదది, రాళ్ల ఎడారి. మిడతలు, అడవి తేనె తిన్నాడు, ఒంటె వెంట్రుకల బట్ట కట్టాడు. చెంచు పెంటల్లో పుట్టినోళ్లకు ఇట్లాంటి మనిషిని పరిచయం చేయనక్కర్లేదు. యొర్దాను ఒడ్డున నిలబడి మారుమనస్సు పొందండి అన్నాడు. ఎవరితో అన్నాడు? సరిగ్గా ఇక్కడే మన ప్రసంగీకులు పేజీ తిప్పేస్తారు.

మత్తయి 3, లూకా 3 తీసి చదవండి. ఆయన పాము పిల్లలని తిట్టింది, మత్తయి లెక్కన, పరిసయ్యుల్ని, సద్దూకయ్యుల్ని. మేం అబ్రాహాము సంతానం అని మురిసిపోవద్దు, దేవుడు తలుచుకుంటే ఈ రాళ్లనే అబ్రాహాముకు పిల్లలుగా పుట్టించగలడు అన్నాడు. "చూశారా, వంశం వదలమన్నాడు" అని దీన్నే మన మీదికి తిప్పే పాస్టర్లున్నారు. ఆయన కొట్టింది వంశగర్వాన్ని. వేరే జాతిగా మారమని ఎవరికీ చెప్పలేదు. యొర్దానులో మునిగిన యూదులు యూదులుగానే లేచారు. యేసు కూడా అదే నీళ్లలో దిగి, ఆ తర్వాత తన జనం పస్కా పండుగకు యెరూషలేము పోయాడు. యేసుకు లేని నిషేధం తండా పిల్లకెందుకు?

మరి మేమేం చేయాలని జనం అడిగితే చెప్పిన జవాబు ఇంకా ముఖ్యం. రెండు అంగీలున్నోడు లేనోడికి ఒకటి ఇయ్యాలె. పన్ను వసూలు చేసే సుంకరులు పెట్టినదానికంటే ఎక్కువ గుంజొద్దు. సిపాయిలు జనాన్ని బెదిరించొద్దు, దొంగకేసులు పెట్టొద్దు, జీతంతో తృప్తి పడాలె. ఇదీ ఆయన చెప్పిన మారుమనస్సు. పాట ఆపండి, డోలు దించండి అన్న మాట ఒక్కటి లేదు. ఇదే ప్రసంగం ఉట్నూరులోనో ఏటూరునాగారంలోనో చెప్తే ముందువరుసలో ఎవరు కూర్చోవాలె? 1/70 చట్టం ఉన్నా బినామీ పేర్ల మీద మన భూమి తిన్నోళ్లు. అప్పిచ్చి పంట మొత్తం తూకమేసుకుపోయే షావుకారి. పోడు కేసు పెడతానని బెదిరించి కోళ్లు పట్టుకుపోయేటోడు. వాళ్లకు మారుమనస్సు చెప్పే ధైర్యం లేక, మా అమ్మమ్మ మొక్కుకునే వేల్పు దగ్గర పాపం వెతుకుతున్నారు.

ఫలాలు చూపించమన్నాడు యోహాను. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో హమాలీ చేసే మనోళ్లను అడగండి. గడ్డిఅన్నారం నుంచి మార్కెట్ ఇటొచ్చినా వేలం మారలేదు. తోట పేరు చెప్తే ధర రాదు, పెట్టె తెరిచి కాయ చూపించాలె.

మెస్సీయ ప్రవచనం కూడా ఇట్లాంటిదే. ప్రభువుకు దారి వేయండి, లోయలు పూడుస్తారు, కొండలు దించుతారు అన్న యెషయా మాటను సువార్తలు యోహానుకు అన్వయించాయి. రాబోయేవాడు చేట పట్టుకుని కళ్లం చెరుగుతాడని యోహాను చెప్పాడు. తర్వాత హేరోదు జైల్లో పడ్డాక ఆయనకే అనుమానం వచ్చింది. రాబోయేవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాల్నా అని యేసు దగ్గరికి మనుషుల్ని పంపాడు. యేసు అవును అనలేదు, కాదు అనలేదు. గుడ్డోళ్లు చూస్తున్నారు, కుంటోళ్లు నడుస్తున్నారు, బీదలకు మంచి కబురు అందుతోంది, పోయి చెప్పండి అన్నాడు. మెస్సీయే పని చూపించాల్సి వస్తే, మీ బాప్తిస్మాల లెక్క చూసి మేం నమ్మాల్నా?

లెక్క అంటే గుండ్లకమ్మ గుర్తొస్తది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి రేవులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకెను అందరూ చెప్తారు. దాని ముందు కథ చెప్పరు. 1876–78 నాటి గొప్ప కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నోళ్లకు కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రావద్దని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. నీళ్లలో దిగినంత మాత్రాన ఊరు వాళ్లను మాదిగలుగా చూడటం మానిందా? మానలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం మీరిక ఎస్సీలు కాదంది.

ఫార్వర్డ్ మెసేజ్ చేసే మోసం ఇక్కడే. ఎస్సీ ఉత్తర్వు 3వ పేరాలో మతం షరతు ఉంది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రాల్లో బీసీ-సీ. 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు, 2025లో గుంటూరు జిల్లా పాస్టర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఎస్సీ హోదా గురించి. దళిత క్రైస్తవులకు అది అన్యాయమని మా అభిప్రాయం, అది వేరే పోస్టు. ఎస్టీ ఉత్తర్వులో మతం షరతే లేదు.

అయితే ఒక మెలిక ఉంది. 2004లో కేరళ చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ పోదు, కానీ ఆ మనిషి ఇంకా తెగ ఆచారాలు పాటిస్తున్నాడా, తెగవాళ్లు తమవాడిగా చూస్తున్నారా అనేది కేసు కేసుకూ తేల్చాలంది. ఇప్పుడు అర్థమైందా పాస్టర్ గారూ? తీజ్ వద్దు, పండుం వద్దు, పెళ్లిలో మన పద్ధతి వద్దు అని మీరు పెట్టే ప్రతి నిషేధం రేపు మన పిల్లల మీద కోర్టులో సాక్ష్యమవుతుంది. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల ఆచారాలు అడిగి తెలుసుకుని రాశాడు. మీకు ఆ ఓపిక కూడా లేదు.

డీలిస్టింగ్ అన్నలకూ ఒక మాట. 1960ల్లో కార్తీక్ ఉరాఁవ్ లేవనెత్తిన, 2006 నుంచి జనజాతి సురక్షా మంచ్ మోస్తున్న డిమాండ్ మాకు తెలుసు. చర్చి బడుల్లో చదివినోళ్లు ముందే సీట్లు అందుకున్నారన్న బాధ ఉత్తది కాదు. కానీ ఇంటి వేల్పును వదిలి హిందూ అని రాసుకున్నోడిని మీరెప్పుడైనా అడిగారా? ఆచారం పోయిందనేదే మీ బాధైతే అందరినీ అడగండి. క్రైస్తవుణ్నే అడిగితే అది ఆచారం గురించి కాదు.

వెరిఫికేషన్‌కు పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మతం అడిగితే అబద్ధం చెప్పకండి. ఎస్టీ ఉత్తర్వులో షరతు ఎక్కడుందో చూపించమనండి. ఫైలు ఆపితే కారణం రాసి ఇమ్మనండి, ఆ కాగితం మాకు పంపండి. లూకా 3, చంద్రమోహనన్ తీర్పు రెండూ ప్రింట్ తీసి బాటసింగారం రూములో పెట్టాం. ఆదివారం సాయంత్రం రండి. పాస్టర్లు వచ్చినా సరే, డీలిస్టింగ్ అన్నలు వచ్చినా సరే, చాయ్ మాది.